ఆది జాకెట్టు చాలు

మొన్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. చిత్తూరు దగ్గర ఏదో శిక్షణ కేంద్రంలో కుట్టు టీచరుగా కొత్తగా చేరిందట. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేసిన పని అదే కాబట్టి ఎవరో నా దగ్గరికి పంపించారు. కూర్చుందో లేదో సెల్‌ఫోన్ తీసి జాకెట్ల బొమ్మలు చూపించి, “మేడం, పిల్లలకు ఏ మోడళ్ళు నేర్పిస్తే బాగుంటాది?” అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. “మోడళ్ళు ఆ ఫోనే నేర్పిస్తుంది తల్లీ, దానికి నువ్వూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు” అన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కాఫీ తాగి వెళ్ళిపోయింది. వెళ్ళాక నాకే బాధేసింది. చెప్పాల్సిన మాట చెప్పకుండా కసిరి పంపితే దానికెట్లా తెలుస్తుంది? నా నోరు మొదట్నించీ అంతే.

అందుకని ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసం, అట్లాంటి మరికొందరి కోసం. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్క పిల్ల సంగతి. పేరు మునిలక్ష్మి అనుకోండి. ఆమె బతికిన ఊరు వడమాలపేటకు అవతల ఉంది, దాని పేరు రాయను. అక్కడ ఆమె అవ్వ ఇంకా ఉంది.

నన్నే కొలవండి

నేను పనిచేసింది తిరుపతికి దగ్గర్లో ఉన్న ఒక బాలికల వసతి గృహంలో. దానికి ఆనుకునే కుట్టు శిక్షణ కేంద్రం. అక్కడికి వచ్చే పిల్లలు ఎవరు? అమ్మానాయనా లేనివాళ్ళు, ఉన్నా లేనట్టే అయినవాళ్ళు, పాలబుగ్గల వయసులో పెళ్ళి చేయబోతే ఎవరో ఆపి తెచ్చినవాళ్ళు, ఇటుకల బట్టీల నుంచీ మామిడి తోటల కాపలా గుడిసెల నుంచీ వచ్చినవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు నిండగానే గేటు బయటికి వెళ్ళిపోవాలి. మన ఇళ్ళల్లో పిల్లలకు పుట్టినరోజంటే సంబరం. మా పిల్లలకు ఆ ఒక్క పుట్టినరోజంటే గుండెల్లో దడ. ఆ రోజుకు చేతిలో పని ఉండాలి, లేకపోతే వచ్చిన చోటికే తిరిగి పోవాలి. నా ఉద్యోగం అంతా ఇంతే, మిగతాదంతా అలంకారం.

మునిలక్ష్మిని తీసుకొచ్చింది వాళ్ళ అవ్వ, చెంగమ్మ. యానాదుల మనిషి. గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే వరండా మెట్టు కింద కూర్చుంది, కుర్చీ చూపిస్తే కుర్చీ వంక కూడా చూడలేదు.

“దీని అమ్మ ఇటికల బట్టీలోనే సచ్చిపోయింది తల్లీ. జరమొచ్చినా మోసింది. పడుకోమే అని సెప్పే దిక్కు లేదు ఆడ. దీని నాయన తాగి యాడ పడుంటాడో వాడికే తెలీదు. నేనుండగానే దీని సేతికి ఒక పని నేర్పించు. మళ్ళా బట్టీకి మాత్రం పంపొద్దు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా.”

పట్టుకోబోయి ఆగిపోయింది. నా నుదుటి మీద నిలువు శ్రీచూర్ణం బొట్టు చూసి మా ఇల్లు ఎట్లాంటిదో పోల్చుకున్నట్టుంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని నేలకు దండం పెట్టింది.

కొత్త పిల్లలు రాగానే నేను మొదట మిషను దగ్గరికి తీసుకుపోయేదాన్ని కాదు. గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ పక్కలకు ఎత్తి, “రండి, నన్నే కొలవండి” అనేదాన్ని. టేపు బల్ల మీద ఉండేది. ఎవరూ కదిలేవాళ్ళు కాదు. టీచరని కొందరికి భయం. ఎక్కువమందికి అది కాదు. “తాకొద్దు, దూరం జరుగు” అన్న మాట వింటూ పెరిగిన పిల్లలు. మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యమంటే వాళ్ళ వేళ్ళు బిగుసుకుపోయేవి. ఒక్కోసారి నా చేతులు నొప్పి పుట్టేదాకా అట్లాగే నిలబడేదాన్ని.

ఆ రోజు మునిలక్ష్మి వచ్చింది. టేపు తీసుకుంది. నా వెనక నిలబడి భుజాల మీద పరిచింది.

“టీచరమ్మా, మీ కుడి బుజం కిందికి దిగుండాది.”

“ఎవరు చెప్పినారు నీకు?”

“టేపు సెప్తాండాది. మా బట్టీలో అందురికీ ఇట్లే ఉంటాది. మోసే బుజం దిగిపోతాది. మీరేం మోస్తారు?”

పిల్లలంతా కిసుక్కుమన్నారు. నేను రోజూ గుడ్డల సంచి తగిలించుకుని బస్సులో వస్తాను, ఆ భుజమే అది. “అదిగో, ఆ సంచి మోస్తానమ్మా” అన్నాను. ఈ పిల్ల బతుకుతుంది అనుకున్నాను. అంత ఆశ పెట్టుకున్నాను దాని మీద.

కత్తెర ఎవరి చేతిలో ఉంటే

మా సూపరింటెండెంటు ప్రభావతి గారు చెడ్డమనిషి కాదు. పిల్లల అన్నంలో పురుగు కనిపిస్తే వంటమనిషిని నిలబెట్టి కడిగేసేది. కానీ ఆమెకు కుట్టు అంటే మిషన్లు గడగడా ఆడుతున్న చప్పుడు. ఎవరైనా అధికారి చూడటానికి వస్తే గదిలో చప్పుడు ఉండాలి. అందుకని కొండకు వచ్చే యాత్రికులకు అమ్మే గుడ్డ సంచుల పని పట్టుకొచ్చింది. ఒక పిల్ల పక్క కుట్టు, ఒక పిల్ల అడుగు కుట్టు, ఒక పిల్ల పిడులు. రోజంతా పిడులు కుట్టే పిల్లకు సంచి కుట్టడం కూడా రాదు. జాకెట్టు సంగతి ఇంకేం చెప్తాం.

“సరోజా, సంచులు కుడితే చాలదా? వీళ్ళేమన్నా సినిమావాళ్ళకు కుట్టబోతారా? కటింగులని గుడ్డంతా పాడు చేస్తే నేనెవరికి జవాబు చెప్పుకోవాలి?” అనేది.

కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. ఏ టైలరు అంగడికైనా పోయి చూడండి. కత్తెర ఒక్కరి చేతిలోనే ఉంటుంది. మిగతావాళ్ళు ఆయన కత్తిరించి పడేసిన ముక్కలు కుట్టాలి, హుక్కులు వెయ్యాలి, కాజాలు తియ్యాలి. పదేళ్ళు చేసినా కత్తెర ఇవ్వరు. ఇస్తే పక్క వీధిలో ఇంకో అంగడి లేస్తుందని వాళ్ళకు తెలుసు. కత్తిరించడం రాని పిల్లకు మిషను ఇవ్వడం అంటే అరచేతిలో వైకుంఠం చూపించడమే.

నేను న్యూస్‌పేపర్ల మీద కటింగు నేర్పించి చూశాను. ఉపయోగం లేదు. పేపరు సాగదు, జారదు, ఏటవాలుగా కోస్తే ఒక తీరు, నిలువుగా కోస్తే ఇంకో తీరు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, పేపరు పాడైతే ఎవరూ తిట్టరు. పేపర్ల మీద బ్రహ్మాండంగా కోసిన పిల్లలు గుడ్డ ఎదురుగా పెడితే కత్తెర పట్టుకుని కొయ్యబారిపోయేవాళ్ళు. భయపడుతూ కోయడం నేర్చుకోవాలి, భయం ఉన్నా చెయ్యి నడవాలి. అందుకు గుడ్డే కావాలి.

మా నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. ఆయన పాత పంచెలు మా ఇంట్లో పెట్టె నిండా ఉండేవి. అవి ఒక్కొక్కటే తెచ్చేదాన్ని. మునిలక్ష్మి మొదటి జాకెట్టు కత్తిరించింది ఆ పంచెల్లోనే. చంక దగ్గర లోపలికి ఎక్కువ కోసేసింది. కత్తెర కింద పెట్టి ఏడ్చింది. “ఏడ్చుకుంటానే ఇంకోటి కొయ్యి” అన్నాను. కోసింది. ఆ తరవాత దాని చెయ్యి తప్పింది నేను చూడలేదు.

ఇంకో సంగతి మీద కూడా ప్రభావతి గారితో నాకు రోజూ గొడవే. ఊళ్ళల్లో ఆడవాళ్ళు జాకెట్టు కుట్టించుకోవాలంటే, సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్నే ఆది అంటాం. ఆ కొలతకే కొత్తది కుట్టాలి. “ఆది చూసి కుట్టడం నేర్పెయ్యి, తొందరగా అయిపోతుంది” అనేది ఆమె. నేను ససేమిరా అనేదాన్ని. ఆది జాకెట్టు పాత మనిషిది. వచ్చిన మనిషి వేరే. ఒకామె బిడ్డను కని ఉంటుంది, ఒకామె జబ్బుపడి లేచి ఉంటుంది. ఎదురుగా నిలబడిన మనిషిని కొలవండి, ఆది మీద ఆధారపడకండి అని ప్రతి పిల్లకూ నూరిపోశాను. పనిమంతురాలు కావాలంటే అదే దారి అన్నాను. పనికి సంబంధించినంత వరకు ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ఇంట గెలవలేదు

ఊరి వాళ్ళను తిట్టే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను ఉద్యోగం నుంచి ఇంటికి రాగానే మా అమ్మ వెనక వాకిట్లో నీళ్ళు తోడి పెట్టేది. తలమీద పోసుకుని, చీర మార్చుకుని, అప్పుడు లోపలికి రావాలి. “ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. కుట్టు నేర్పించుకో, నేను వద్దన్నానా? ఒంటి మీద చేతులేయించుకోవడం ఏందే?” అనేది. పంచెలు పోతున్నాయని తెలిసిన రోజు రెండు పూటలు అన్నం తినలేదు. నాయన మాత్రం, “పాతవే కదా, పోనీలేవే” అని ఊరుకున్నాడు.

నేను అమ్మ మాట వినలేదు. పిల్లల చేత కొలిపించుకోవడం ఒక్కరోజు కూడా మానలేదు. వానాకాలంలో జలుబు చేసినా నీళ్ళు పోసుకోవడమూ తప్పలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట ఎప్పుడూ గెలవలేదు, సర్దుకుపోయానంతే.

పెద్దింటి గది

మునిలక్ష్మికి పద్దెనిమిది నిండాయి. మా కేంద్రంలో సభ పెట్టి కాలితో తొక్కే మిషను ఒకటి ఇచ్చారు, ఫోటో తీశారు. దాన్ని ఆటోలో వేసుకుని అవ్వ ఊరికి పోయింది. అవ్వ ఉండేది ఊరి బయట కాలనీలో. అక్కడ గుడిసెలో మిషను పెడితే ఊళ్ళోవాళ్ళు ఎవరొస్తారు? ఊరి మొదట్లో రాజమ్మ గారి గది ఒకటి ఖాళీగా ఉండేది, ఒకప్పుడు ఎరువుల మూటలు పెట్టుకున్న గది. రాజమ్మ గారంటే ఆ ఊళ్ళో భూములున్న పెద్దింటి ఆమె. నేను పోయి అడిగితే ఆమే ఇచ్చింది.

“పిల్ల బతుకుతాదంటే అంతకంటేనా. అద్దె గిద్దె ఏమొద్దు టీచరమ్మా. ఊరి ఆడోళ్ళ రైకలు కుట్టుకుంటా ఉండమనండి” అంది. ఆ రోజు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె మంచితనం అబద్ధం కాదు. ఇప్పటికీ కాదనే అంటాను.

పని బాగానే నడిచింది. పద్ధతి మాత్రం ఒకటుండేది. గది బయట అరుగు ఉంది. ఆడవాళ్ళు వచ్చి గుడ్డా, ఆది జాకెట్టూ అరుగు మీద పెట్టి పోయేవాళ్ళు. కుట్టినాక మునిలక్ష్మి అరుగు మీదే పెట్టేది. ఎవరూ గుమ్మం దాటి లోపలికి రారు, ఆమె చేతిలో నుంచి తీసుకోరు. ఎవరూ ఒక్క మాట అనరు కూడా. “ఆది ఇచ్చినాం కదా పాపా, సాలు” అనేవాళ్ళు, అంతే. కూటికి పేదైతే కులానికి పేదా అంటారు చూడండి, ఆ సామెత ఆ ఊళ్ళో గాలిలోనే ఉండేది.

నేను చూడటానికి పోయినప్పుడు అడిగాను. “టేపు యాడ పెట్టినావు?”

“పెట్టెలో ఉండాది టీచరమ్మా. గుడ్డ కొలిచేదానికి తీస్తా. మనిషికైతే పనే లేదు.” నవ్వుతూనే చెప్పింది. “ఆది తప్పుగా ఉంటే నేను కుట్టిందీ తప్పే. మళ్ళా నన్నే అంటారు. ఏం జేసేది?”

“సరిగ్గా కొలిచి కుడితే వాళ్ళకే తెలుస్తుందమ్మా, అప్పుడు వాళ్ళే లోపలికి వస్తారు” అన్నాను. మంచి పని చేస్తే మనుషులు మారతారని నా నమ్మకం. మా కేంద్రం గోడ మీద కూడా అట్లాంటి మాటలే రాసి ఉండేవి.

కుదిరిన జాకెట్టు

రాజమ్మ గారి కోడలు సుజాత. కార్వేటినగరం వైపు అమ్మాయి, కలుపుగోలు మనిషి. కాన్పయి చంటిబిడ్డతో అత్తింటికి వచ్చింది. ఆ నెలలోనే ఆడబిడ్డ పెళ్ళి. పట్టుచీర జాకెట్టు గుడ్డా, పెళ్ళయిన కొత్తలో కుట్టించుకున్న జాకెట్టూ అరుగు మీద పెట్టింది.

మునిలక్ష్మి ఆ జాకెట్టు చూసింది, ఆమెను చూసింది. “సుజాతమ్మా, ఇది ఇప్పుడు మీకు పట్టదు. ఈ ఆది పెట్టి కుడితే పట్టుగుడ్డ పాడైపోతాది. ఒళ్ళు కొలవాల” అంది.

సుజాత అటూ ఇటూ చూసింది. బిడ్డను భుజాన వేసుకుని గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బిడ్డను గుడ్డల మూట మీద పడుకోబెట్టి, రెండు చేతులూ ఎత్తి, “కొలువు” అంది. మునిలక్ష్మి పెట్టెలోంచి టేపు తీసింది. ఆ ఊళ్ళో ఒక మనిషిని టేపుతో కొలవడం దానికి అదే మొదలు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పింది. గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. “మీ మాట నిజమే టీచరమ్మా, లోపలికి వచ్చినారు!” అంది. నేను కూడా కేంద్రంలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

జాకెట్టు అచ్చు గుద్దినట్టు కుదిరింది. మునిలక్ష్మిని ముంచింది అదే. కొంచెం వదులుగానో బిగుతుగానో ఉండి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పెళ్ళిలో చుట్టాల ఆడవాళ్ళంతా సుజాత చుట్టూ చేరి, ఎక్కడ కుట్టించినావు, తిరుపతిలోనా, ఏ అంగడి అని అడిగారు. ఆ పిచ్చిపిల్ల సంబరంగా చెప్పేసింది. “మన ఊళ్ళో మునిలక్ష్మే కుట్టింది. దగ్గరుండి కొలతలు తీసుకుంది.”

ఆమె వియ్యాలవారి ముందర ఆ మాట అంది. రాజమ్మ గారు పక్కనే ఉంది. పెళ్ళయిన మర్నాడు చంటిబిడ్డకు జ్వరం వచ్చింది. పెళ్ళి సందట్లో నిద్రలేక, ఎండలో తిప్పితే రాదా? కానీ కారణం అప్పటికే దొరికి ఉంది. పాలిచ్చే తల్లిని తాకింది కదా అన్నారు. సుజాతకు తలమీద నీళ్ళు పోశారు. బిడ్డకు దిష్టి తీశారు.

ఎవరూ మునిలక్ష్మిని కొట్టలేదు, తిట్టలేదు. పాలేరు వచ్చి, “గదిలో మేత పెట్టుకోవాలంట, అమ్మ సెప్పమన్నాది” అన్నాడు. కుట్టడానికి ఇచ్చిన గుడ్డలన్నీ ఒక్కొక్కరే వచ్చి అడిగి తీసుకుపోయారు. ఆఖరున అరుగు మీద సుజాత పట్టుజాకెట్టు కనిపించింది. “నువ్వే పెట్టుకో అన్నారు” అని పాలేరే చెప్పాడు. ఒక్క సుజాత ఒంటికి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ సరిపోని జాకెట్టు అది. మునిలక్ష్మి దాన్ని మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది.

రాజమ్మ గారి కాఫీ

నేను కోపంతో ఊగిపోతూ పోయాను. రాజమ్మ గారు ఎదురొచ్చి కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది.

“మా మీద కోపంగా వచ్చినారని తెలుసు టీచరమ్మా. మేమేం జేసినాం సెప్పండి. గది ఇచ్చినాం, కరెంటు ఇచ్చినాం, ఊరంతటికీ సెప్పి గుడ్డలు ఇప్పించినాం. ఆది ఇస్తాం, సూసి కుట్టు అన్నాం. అంతకు మించి ఏమడిగినాం? ఆ ఒక్క మాట నిలబెట్టుకోలేదు.”

“ఆమె చేసింది తప్పా? పని సరిగ్గా చేసింది. మీ కోడలే వచ్చి చేతులెత్తింది.”

“కోడలు సిన్నపిల్ల. మీరు ఆచార్యుల ఇంటి బిడ్డ, మీకు తెలీదా? మీ ఇంట్లో ఒప్పుకుంటారామ్మా?”

“ఒప్పుకోరు” అన్నాను. “మా అమ్మ ఒప్పుకోలేదు. నేను ఆమె మాట వినలేదు. రోజూ ఆ పిల్లల చేత కొలిపించుకున్నాను.”

ఆమె నా వంక జాలిగా చూసింది. అదీ నేను తట్టుకోలేకపోయింది.

“మీకు సర్కారు జీతం ఉండాది. ఎవురి మాటా యినకపోయినా మీ పొయ్యి మీదికి కుండ ఎక్కతాది. ఆ పిల్లకేం ఉండాదమ్మా, మా మాట తప్ప?”

కాఫీ అక్కడే పెట్టి లేచాను. లోపలి గది తలుపు సందులో సుజాత నిలబడి ఉంది, బిడ్డను ఎత్తుకుని. నన్ను చూసి తల దించుకుంది.

కాలనీకి పోయి మునిలక్ష్మితో, కేసు పెడదాం, దానికి చట్టం ఉంది అన్నాను. చెంగమ్మ అవ్వ రెండు చేతులూ అడ్డం పెట్టింది. “వొద్దు తల్లీ, మేము ఈ ఊరి నీళ్ళే తాగాల” అంది. మునిలక్ష్మి మాత్రం నెమ్మదిగా అడిగింది.

“కేసు గెలుస్తాం అనుకోండి టీచరమ్మా. గెలిస్తే మాత్రం నాకు రైకలు ఎవురు ఇస్తారు?”

గోడ మీది ఫోటో

బట్టీ మేస్త్రీ మునిలక్ష్మిని పనికి పంపమని అప్పటికే రెండుసార్లు కాలనీకి వచ్చి పోయాడు. ఆ భయంతో నేను తిరుపతిలో తెలిసిన టైలరు అంగళ్ళన్నీ తిరిగాను. ఒకాయన ఒప్పుకున్నాడు, హుక్కులూ కాజాలూ అయితే ఇస్తానన్నాడు. కత్తెర ముట్టుకోకూడదు అన్నాడు. దాని కంటే గార్మెంట్ కంపెనీ నయమని మునిలక్ష్మే అంది. తెల్లారకముందే కంపెనీ బస్సు వస్తుంది. పెద్ద షెడ్డు, వరసగా మిషన్లు. ఆమె ముందుకు చొక్కాలు వస్తాయి, వాటికి ఎడమ చెయ్యి అతికించి ముందుకు తోయాలి. కుడి చెయ్యి ఇంకొకరిది. హాస్టల్లో ఉంటుంది. అవ్వకు డబ్బు పంపిస్తుంది. బట్టీకి పోలేదు. చెంగమ్మ నన్ను అడిగింది అదొక్కటే, అది జరిగింది.

మా కేంద్రంలో ఆమె ఫోటో గోడకు పెట్టారు, మిషను పక్కన నిలబడి నవ్వుతున్నది. కింద ‘స్వయం ఉపాధి సాధించిన మన విద్యార్థిని’ అని రాశారు. తీసెయ్యమని ప్రభావతి గారితో పోట్లాడాను. “సంపాదించుకుంటోందా లేదా? ఇంకేం కావాలి మీకు?” అంది. ఆమెకు కోపం కూడా రాలేదు. ఆ ఫోటో ఇప్పటికీ ఉందనుకుంటాను.

కొత్తగా చేరే అమ్మాయిలకు చెప్పేది ఇదే. కత్తెర నేర్పండి, కొలతలు నేర్పండి, మానకండి. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్ల చేతిలో టేపు పెట్టి ఒంటరిగా ఊరి మీదికి పంపకండి. పని బాగుంటే మనుషులు మారతారని దానికి చెప్పకండి, నాకు చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పారు. నలుగురిని కలిపి టౌనులో అంగడి పెట్టించండి. టౌనులో ఎవరు ఎవరని అడిగేవాళ్ళు తక్కువ. లేరని కాదు, తక్కువ. ఆ అంగడి అద్దె కోసం ఆఫీసుల చుట్టూ తిరగడమే మీ అసలు ఉద్యోగం అనుకోండి. నేను జాకెట్లు నేర్పడం నా ఉద్యోగం అనుకున్నాను.

నా జాకెట్టు

నేను రిటైరయ్యాక ఒక ఆదివారం మునిలక్ష్మి మా ఇంటికి వచ్చింది. అమ్మ పోయి చాలా కాలమైంది, ఇంట్లో నేనొక్కదాన్నే. లోపలికి రమ్మన్నాను. వచ్చింది కానీ హాల్లో గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కుర్చీ చూపిస్తే, “ఈడ బాగుండాది టీచరమ్మా” అంది. చిక్కిపోయింది. ఎడమ చేతి బొటనవేలు మీద సూది దిగిన మచ్చ. సెలవు రోజుల్లో హాస్టల్లో తోటి పిల్లలకు జాకెట్లు కుడుతున్నానని చెప్పింది. ఆ మాట వినగానే నా ప్రాణం లేచి వచ్చింది.

లోపలికి పోయి, ఎప్పుడో కొని దాచుకున్న నీలం జాకెట్టు గుడ్డ తెచ్చాను. టేపు కూడా తెచ్చాను. అవి దాని ఒళ్ళో పెట్టి, హాలు మధ్యలో నిలబడి, పాత రోజుల్లో మాదిరి రెండు చేతులూ పక్కలకు ఎత్తాను.

“రా, నన్నే కొలువు. ఈ భుజం ఇంకెంత దిగిందో చూడు.”

అది లేచి నిలబడింది. టేపు చేతిలో పట్టుకుంది. నా దగ్గరికి రాలేదు.

“ఆది జాకెట్టు ఇయ్యండి టీచరమ్మా. చాలు.”

“ఏందే, నాక్కూడానా? మొదటి రోజు నన్ను కొలిచింది నువ్వే కదే.”

“అప్పుడు తెలీదు” అంది.

ఏడుస్తూ చెప్పలేదు, కోపంగా కూడా చెప్పలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. నేను మొండిదాన్ని. చేతులు దించలేదు. అది తల వంచుకుని టేపు చుట్ట చుడుతూ నిలబడింది, నేను దించేదాకా ఓపిగ్గా ఎదురుచూసింది. చివరికి నేనే దించాను. బీరువా తీసి, సరిపోతుందనుకున్న పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇచ్చాను. అది కింద పెట్టమన్నట్టు అరచెయ్యి చూపించింది. నేను కింద పెట్టలేదు, దాని చేతిలోనే పెట్టాను. నా వేళ్ళు తగలగానే దాని చెయ్యి ఉలిక్కిపడింది.

జాకెట్టు పంపించింది. కుట్టులో ఒక్క పోగు తప్పు లేదు. పాత జాకెట్టు ఎట్లా ఉందో అచ్చం అట్లాగే ఉంది. నా ఒళ్ళే ఇప్పుడు అట్లా లేదు. చెయ్యి పైకెత్తితే చంక దగ్గర పట్టేస్తుంది. విప్పి మళ్ళా కుట్టుకోవడం నాకొక పని కాదు, కానీ దాని కుట్టు విప్పడానికి నాకు మనసు రాలేదు. అదే వేసుకుంటున్నాను. చేతులెత్తడం మానేశాను.